తొక్కానన్నాడు

మెకానిక్కుల జాతికి ఒక తెగులుంది. బండి తమ చేతిలో కదిలితే చాలు, బాగైపోయిందని అనుకుంటారు. ఆ తర్వాత అది ఇంకెవరి చేతిలో మొరాయించినా తప్పు ఆ చేతిదే. ఈ కథలోని మెకానిక్కూ ఆ తానులో ముక్కే. రెండు వీధులు కలిసే మూల మీద రేకుల షెడ్డులో ఇరవై ఏళ్ళుగా ఒక్కడే పనిచేస్తున్నాడు. సాయానికి ఎవరినీ పెట్టుకోడు. పెట్టుకుంటే వాళ్ళు చేసిన పని మళ్ళీ తను చేసుకోవాల్సి వస్తుందంటాడు. ఒకళ్ళు బ్రేకు తొక్కి పట్టుకుంటే ఇంకొకళ్ళు వెనక్కి వెళ్ళి లైట్లు చూడాల్సిన చోట అతను విరిగిన చీపురు కర్ర ఒకటి వాడతాడు. ఒక కొస పెడలు మీద పెట్టి, రెండో కొస సీటుకు ఆనించి, సీటును ముందుకు జరుపుతాడు. కర్ర బ్రేకును అదిమి పట్టుకుంటుంది, అతను తాపీగా వెనక్కి నడిచి లైట్లు చూసుకుంటాడు. ‘మనిషికంటే కర్ర నయం, ఎదురు మాట్లాడదు’ అని దాన్ని అందరికీ చూపించి మురిసిపోయేవాడు. చివరికి అతన్ని ముంచింది ఆ కర్రే.

అతని అక్క మొగుడు డ్రైవరు. ముప్పై రెండేళ్ళ సర్వీసు. లారీ తోలాడు, బస్సు తోలాడు, వయసు మీద పడ్డాక సొంతంగా ఒక కారు పెట్టుకుని పొద్దున, సాయంత్రం చుట్టుపక్కల పిల్లల్ని బడికి దింపి తెస్తున్నాడు. గేరు వేసే తీరు చూసి మనిషి గుణం చెప్పేస్తానని కోతలు కోసేవాడు. గేర్లు లేని కారంటే ఉప్పు లేని కూర అని ఎగతాళి చేసిన మనిషి, రెండేళ్ళ కిందట ఒకరోజు షెడ్డుకొచ్చి, క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ కాలు లాగేస్తోందిరా, నాకూ ఆ ఉప్పు లేని కూరే చూసిపెట్టు అన్నాడు. మెకానిక్కు నాలుగు చోట్ల తిరిగి, ఇంజను విని, కింద పడుకుని చూసి, ఒక పాత ఆటోమేటిక్ కారు కొనిపెట్టాడు. ఆ కాలు ఎందుకు లాగుతోందని మాత్రం అడగలేదు. ముప్పై ఏళ్ళు క్లచ్ తొక్కిన కాలు లాగక ఏం చేస్తుంది అనుకున్నాడు.

రెండేళ్ళు కారు సణగకుండా నడిచింది. తర్వాత ఒక పొద్దున ఫోను వచ్చింది.

“ఒరేయ్, గేరు రాడ్డు పార్కింగులోంచి రావట్లేదురా. బిగుసుకుపోయింది.”

“తాళం తిప్పావా బావా?”

“ముప్పై రెండేళ్ళ నుంచి తిప్పుతున్నా.”

“అది కాదు. బ్రేకు తొక్కావా?”

“తొక్కానురా.”

ఆ రకం కార్లలో బ్రేకు తొక్కితేనే రాడ్డు పార్కింగులోంచి బయటికొస్తుంది. తొక్కకపోతే లోపల ఒక కొక్కెం దాన్ని పట్టుకుని వదలదు. ఎవరో తెలియక చెయ్యి వేసినంత మాత్రాన కారు పరుగెత్తకూడదని తయారుచేసినవాళ్ళు పెట్టిన కాపలా అది. బ్రేకు తొక్కినా కొక్కెం వదల్లేదంటే ఫ్యూజు పోయుండాలి, లేదా పెడలు దగ్గరి స్విచ్చి పోయుండాలి, లేదా బ్యాటరీ నీరసించి ఉండాలి. ఏటవాలు మీద హ్యాండ్ బ్రేకు వేయకుండా ఆపినా బరువంతా దాని మీద పడి బిగుసుకుంటుంది. ఇవన్నీ మెకానిక్కుకు ఎక్కాల్లా వచ్చు. పెట్టె పట్టుకుని వెళ్ళాడు. సీట్లో కూర్చుని కాలు వేసి తొక్కి రాడ్డు లాగాడు. వెన్నలోంచి కత్తి తీసినట్టు వచ్చేసింది. ఫ్యూజు చూశాడు, బ్యాటరీ చూశాడు, కర్ర పెట్టి వెనక లైట్లు చూశాడు. దివ్యంగా వెలుగుతున్నాయి.

“దీనికేం రోగం లేదు బావా.”

“నీ మొహం చూసి జడుసుకుందిరా” అని బావ నవ్వాడు.

వారం తిరగకుండా మళ్ళీ ఫోను. మళ్ళీ అదే వరస: తొక్కావా అంటే తొక్కానన్నాడు, మెకానిక్కు వెళ్ళి కూర్చోగానే రాడ్డు వచ్చేసింది. వైద్యుణ్ణి చూడగానే నొప్పి పారిపోయినట్టుంది వ్యవహారం. అనుమానం ఎందుకని స్విచ్చి మార్చి కొత్తది వేశాడు. నాలుగు రోజులకి మళ్ళీ పిలుపొచ్చింది. ఈసారి మెకానిక్కుకు ఒళ్ళు మండింది. రోగం దొరక్కపోవడం అతనికి చిన్నతనంగా ఉంది, అదీ సొంత బావ ముందు. రాడ్డు పక్కన వేలిగోరంత ప్లాస్టిక్ మూత ఉంటుంది. దాన్ని ఎత్తి, లోపలికి సన్నటి స్క్రూడ్రైవర్ దూర్చి కిందికి నొక్కితే కొక్కెం వదిలేస్తుంది, బ్రేకుతో పనే లేదు. బండిని లాక్కెళ్ళాల్సి వచ్చినప్పుడు మెకానిక్కుల కోసం పెట్టిన దారి అది. మూత తీసి చూపించాడు.

“ఈసారి ఇరుక్కుంటే నన్ను పిలవకు. ఇక్కడ ఒక్క పోటు పొడువు, అంతే. గోరుతో పోయేదానికి గొడ్డలెందుకు?”

తన సన్న స్క్రూడ్రైవర్ కూడా బావ చేతిలోనే పెట్టి వచ్చాడు. ఆ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. పీడా పోయిందనుకున్నాడు. ఈ మధ్యలో బావ రెండుసార్లు హ్యాండ్ బ్రేకు వదులైందని షెడ్డుకి వచ్చాడు. వెనక చక్రాల బ్రేకు అరిగి, మాడిన వాసన వేస్తోంది. “హ్యాండ్ బ్రేకు దించకుండానే తోలుతున్నట్టున్నావు బావా, మతిమరుపు మొదలైందా?” అని ఆటపట్టించి బిగించి పంపాడు. ఏదీ దాచకుండా చెప్పుకోవాలి కాబట్టి చెప్తున్నాను, ఆ రెండుసార్లూ బావ కారు దిగలేదు. కిటికీ దించి లోపల కూర్చునే మాట్లాడాడు. అదేమిటని మెకానిక్కుకు తట్టలేదు.

ఒక ఆదివారం సాయంత్రం మెకానిక్కు ఇంట్లో చెప్పులు కుట్టుకుంటున్నాడు. భార్య బల్ల మీద దుప్పటి పరిచి కూతురి యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. కూతురికి తొమ్మిదేళ్ళు. నాలుగు కుర్చీలు రెండు వరసలుగా వేసి, వెనక కుర్చీల్లో బొమ్మల్ని కూర్చోబెట్టి, తను ముందు కూర్చుంది. మామయ్య వేషం కడుతోందని గొంతు సవరించుకోవడంలోనే తెలిసిపోయింది. లేని అద్దాన్ని సవరించింది. పెన్సిలు తీసుకుని కుర్చీ సందులో ఒక పోటు పొడిచి “లే బంగారం, లే” అంది. తండ్రికి నవ్వొచ్చింది. బావ ఏ బండినైనా బంగారం అనే పిలుస్తాడు.

తర్వాత ఆ పిల్ల వంగి, రెండు చేతులతో తన కుడి మోకాలి కింద పట్టుకుని, కాలు పైకెత్తి కొంచెం ముందు పెట్టింది. కిందికి తొంగిచూసింది. మళ్ళీ ఎత్తి, కొంచెం ఎడమకి జరిపి పెట్టింది.

“కాలెందుకే అట్లా ఎత్తుతున్నావు?” అన్నాడు తండ్రి, ఇంకా నవ్వుతూనే.

“మామయ్య అలాగే ఎత్తుతాడుగా. మామయ్య కాలు నిద్రపోయింది. చేత్తో తీసి పెడితేగానీ వెళ్ళదు.”

“మరి కారు ఆపాలంటే?”

“పక్కన ఉంటుంది చూడు, అది లాగుతాడు. గర్రుమంటుంది. మేమందరం ముందుకి పడతాం. అప్పుడు మామయ్య విమానం దిగింది అంటాడు, మేం చప్పట్లు కొడతాం.”

మెకానిక్కు సూది కింద పెట్టేశాడు. భార్య ఇస్త్రీ పెట్టె కాడ పట్టుకుని ఏదో పాట కూనిరాగం తీస్తోంది, వాళ్ళ మాటలు ఆమె చెవిన పడలేదు. అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. చెప్తే, మరి బ్రేకు తొక్కకుండా కారు ఎలా కదులుతోందని అడుగుతుంది. దానికి జవాబు తన పెట్టెలోంచి వెళ్ళిన స్క్రూడ్రైవర్. పిల్ల మాట పట్టుకుని ఏం చెప్తాం, ముందు నా కళ్ళతో చూడనీ అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. అది పిరికితనమని అతనికి తెలుసు. తెలిసీ చెప్పలేదు. కూతురి గౌను మడత మీద ఇస్త్రీ పెట్టె అటూ ఇటూ తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాడు.

పొద్దున ఆరున్నరకల్లా బావ ఇంటి ముందున్నాడు. అక్క ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది, తెల్లవారక ముందే వెళ్ళిపోతుంది. బావ ఒక్కడే గుమ్మం ముందు కారు అద్దాలు తుడుస్తున్నాడు. తుడుస్తూ ఒక చెయ్యి కారు మీద ఆనించే ఉంచాడు.

“ఏంట్రా, తెల్లారకుండా దిగబడ్డావు?”

“గేరు సంగతి చూద్దామని.”

“దానికేం, నీ పోటుతో గుర్రంలా పోతోంది.”

“ఒకసారి కూర్చో బావా. నేను చూస్తాను.”

ఎప్పుడూ తను కూర్చుని బావని నిలబెట్టేవాడు. ఈసారి బావని సీట్లో కూర్చోబెట్టి, తలుపు బార్లా తీసి, నేల మీద మోకాళ్ళేసి, తల స్టీరింగు కిందికి దూర్చాడు. టార్చి వేశాడు. రబ్బరు పట్టా వాసన, దాని మీద పిల్లల బూట్లు తెచ్చిన ఇసుక. మొహానికి జానెడు దూరంలో బావ బూటు.

“బ్రేకు తొక్కు.”

బావ కాలు లేచింది. చేత్తోనే లేచింది, ప్యాంటు గుడ్డ పట్టుకుని ఎత్తిన వేళ్ళు టార్చి వెలుగులో కనిపించాయి. బూటు వచ్చి పడింది. అడుగు అంచు మాత్రం పెడలు మూలకి తగిలింది. మడమ నేల మీద ఉంది.

“తొక్కాను.”

“గట్టిగా తొక్కు.”

తొడ బిగిసింది. మోకాలు వణికింది. ముప్పై రెండేళ్ళ డ్రైవరు తన బలమంతా పెట్టి తొక్కుతున్నాడు. ఆ బలమంతా మడమలోంచి నేలలోకి పోతోంది. పెడలు వెంట్రుకవాసి కూడా దిగలేదు.

“ఇంకా తొక్కు బావా.”

“ఇంకెక్కడికి తొక్కమంటావు? పెడలు నేలకి ఆనింది, నీకు కనపడట్లేదా?”

మెకానిక్కు టార్చి వెలుగు ఆ మడమ మీదే నిలిపాడు. మూడుసార్లు వచ్చాడు. ఫ్యూజు చూశాడు, వైరు చూశాడు, స్విచ్చి మార్చాడు. పెడలు మీద తన కాలు పెట్టాడు, తన కర్ర పెట్టాడు. బావ కాలు ఒక్కసారీ చూడలేదు. తొక్కావా అని అడిగాడు, తొక్కానన్నాడు, అక్కడితో ఆ ప్రశ్న అయిపోయింది. అంతటి డ్రైవరు తొక్కానంటే వంగి చూసేదెవరు?

అతను బూటు లేసు విప్పి లాగాడు. బూటులోంచి చింతగింజంత రాయి జారి పట్టా మీద పడింది. మేజోడు అడుగున తడిగా ఉంది. దాన్ని కూడా తీశాడు. బొటనవేలి కింద చర్మం లేచిపోయి, పుండు రూపాయి బిళ్ళంత అయింది. ఎన్నాళ్ళ పుండో, అంచులు తెల్లగా నాని ఉన్నాయి.

“ఎందుకురా బూటు విప్పావు?” అన్నాడు బావ పైనుంచి. బూటు విప్పడం కనిపించింది కాబట్టి అడిగాడు.

“బావా, ఎదురుగా రోడ్డు చూడు. కిందికి చూడకు. నేను ఏ వేలు పట్టుకున్నానో చెప్పు.”

“ఏం ఆటలురా ఇవి?”

“చెప్పు.”

“బొటనవేలు.”

మెకానిక్కు చేతులు రెండూ తన ఒళ్ళోనే ఉన్నాయి. ఏ వేలూ పట్టుకోలేదు. అతను తల బయటికి తీసి బావ మొహంలోకి చూశాడు. చూసిన చూపుకే బావకి అర్థమైపోయింది. గభాలున కిందికి చూసుకున్నాడు, పుండు చూశాడు, పట్టా మీది రాయి చూశాడు. ఎవరి కాలో చూస్తున్నట్టు చూశాడు.

“షుగరు చూపించుకుంటున్నావా?”

“రెండేళ్ళ కింద చూపించా. మాత్రలిచ్చారు. బాగానే ఉందని మానేశా.” మోకాలు తడుముకుంటూ, “తిమ్మిరే కదరా, అదే పోతుందనుకున్నా. ముందు ఎడమది, తర్వాత ఇది” అన్నాడు.

“కారుకేం లేదు బావా. మొదటి రోజు నుంచీ ఏం లేదు.”

“స్విచ్చి నువ్వు సరిగ్గా వేయలేదేమో.”

“బావా.”

“నీకు చేతగాక నా కాలి మీద పెడుతున్నావు. నేను మెల్లగానే పోతున్నా. ఎక్కడా ఎవరికీ గీత పడలేదు. హ్యాండ్ బ్రేకుకి చెయ్యి మరిగింది ఇప్పుడు. పరీక్షలయ్యేదాకా ఆగు, నెలే ఉంది. పిల్లలు ఇప్పుడు నడిమధ్యలో ఎవరి బండి వెతుక్కుంటారు? తర్వాత నేనే మానేస్తా. మీ అక్కకి చెప్పకు.”

“ఆ కొక్కెం నిన్ను ఆపడానికి పెట్టింది బావా. కాలు ఆడని వాడిని కదలనివ్వకూడదని పెట్టింది. మూడుసార్లు ఆపింది. మూడుసార్లూ నేనొచ్చి దాని నోరు నొక్కి వెళ్ళాను. ఇంకో నెల నొక్కలేను.”

“బావమరిది బతక కోరతాడు, దాయాది చావ కోరతాడు అంటారు. నువ్వేం కోరుతున్నావురా? చక్రం పట్టనివ్వకపోతే నేనేం మనిషిని? గుమ్మంలో కూర్చుని వచ్చేపోయే బళ్ళు లెక్కపెట్టమంటావా?”

మెకానిక్కుకు ఏడుపొచ్చింది. ఈ మనిషి పక్కన కూర్చుని, ఈ మనిషి లారీలోనే అతను మొదటిసారి స్టీరింగు పట్టుకున్నాడు. చిన్నప్పుడు తండ్రి మీదకంటే ఎక్కువ ప్రేమ ఉండేది అతనికి బావ మీద.

“నువ్వు బతకాలనే కోరుతున్నా. వెనక సీట్లో వాళ్ళు కూడా బతకాలిగా. నా కూతురు కూడా ఎక్కుతోంది ఇందులో. ఆ ఇళ్ళకి వెళ్ళి నేను చెప్పేస్తాను. నువ్వు ఇంట్లో ఉండు.”

మెకానిక్కు సీసాలో నీళ్ళతో పుండు కడిగి, ఉతికిన చేతిరుమాలు కట్టాడు. కడుగుతున్నంతసేపూ బావ మొహంలో నొప్పి అనేది కనిపించలేదు. అది చూడ్డం పుండు చూడ్డంకంటే కష్టమైంది.

“నువ్వెవడివిరా చెప్పడానికి?” అన్నాడు బావ చివరికి. గొంతులో పౌరుషం ఉంది, కోపం లేదు. “నా బండి ఎక్కే పిల్లలు వాళ్ళు. నేనే చెప్పుకుంటా. నువ్వు తోలు.”

దిగి, బానెట్ పట్టుకుని చుట్టూ తిరిగి అవతలి సీటుకి వచ్చాడు. తన కారులో ఆ సీట్లో అతను ఎన్నడూ కూర్చోలేదు. బెల్టు ఎటునుంచి లాగాలో తెలియక రెండు వైపులా వెతుక్కున్నాడు. మెకానిక్కు బ్రేకు తొక్కి రాడ్డు లాగాడు. చడీచప్పుడు లేకుండా వచ్చింది.

మొదటి ఇల్లు టైలరమ్మది. కవల ఆడపిల్లలు అప్పటికే బ్యాగులు తగిలించుకుని మెట్ల మీద ఉన్నారు. ఆమె మెడలో టేపుతో, పెదాల మధ్య గుండుసూదితో బయటికొచ్చింది. బావ కారు దిగి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. కూర్చునే చెప్పవచ్చు. కూర్చుని చెప్పలేదు.

“రేపటి నుంచి నేను రానమ్మా. ఈరోజు కూడా నేను తోలట్లేదు. నా కాళ్ళకి తెలివి లేకుండా పోయింది. బ్రేకు మీద పెట్టానో నేల మీద పెట్టానో నాకే తెలియట్లేదు.”

ఆమె సూది తీసి పైటకి గుచ్చుకుంది. “మరి ఇన్నాళ్ళూ ఎట్లా తోలారు?”

“ఏదో కిటుకు ఉందిలేమ్మా. దాంతో నెట్టుకొచ్చా.”

బావ ఎవరి కిటుకో చెప్పలేదు. చెప్పడని మెకానిక్కుకు తెలుసు. ఇక్కడ నోరు మూసుకుంటే ఎవరికీ ఎన్నటికీ తెలియదు. నోరు మూసుకునే ఉండేవాడేమో కూడా. కానీ పిల్లల్లో ఒకతి, “మామయ్య స్క్రూడ్రైవర్ పొడుస్తాడమ్మా, అప్పుడు కారు లేస్తుంది” అని వాళ్ళమ్మకి గొప్పగా చెప్పింది.

“ఆ పొడవడం నేర్పింది నేనండీ. ఆయన కాలు చూడకుండా నేర్పాను” అన్నాడు మెకానిక్కు.

ఆమె ఇద్దరి వైపూ చూసింది. తిడుతుందనుకున్నారు. ఆమె పిల్లలిద్దరి చేతులూ పట్టుకుని, “చెప్పారు కాబట్టి సరిపోయింది” అని లోపలికి తీసుకెళ్ళి తలుపేసింది. గడియ వేసిన చప్పుడు వీధిలోకి వినిపించింది.

రెండో ఇల్లు లెక్కల మాస్టారిది. మనవణ్ణి ఆయనే పెంచుతున్నాడు. బావ మళ్ళీ దిగి, మళ్ళీ అదే మాట మొదటి నుంచి చెప్పాడు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు.

“ఎప్పటి నుంచి?”

“నేను కిటుకు నేర్పి ఇరవై మూడు బడి రోజులండీ” అన్నాడు మెకానిక్కు. రాత్రి నిద్రపట్టక లెక్కపెట్టుకున్నాడు.

“రోజుకి రెండు సార్లు. నలభై ఆరు సార్లు నా మనవడు చావు పక్కనుంచి వెళ్ళొచ్చాడు. నలభై ఆరు సార్లు నేను చెయ్యి ఊపి పంపించాను.” ఆయన గొంతు పెరగలేదు. “మీ ఇద్దరికీ పిల్లలున్నారా?”

“నా కూతురూ ఇదే కారులో వెళ్ళిందండీ.”

మాస్టారు మనవణ్ణి స్కూటరు ఎక్కమన్నాడు. వాడు వెనక్కి తిరిగి మామయ్యకి టాటా చెప్పాడు. బావ తలుపు పట్టుకున్న చేత్తోనే రెండు వేళ్ళు ఎత్తాడు.

కారులోకి ఎక్కేటప్పుడు బావ కాలు బయటే ఉండిపోయింది. చూసుకోకుండా తలుపు వేయబోతే మెకానిక్కు అవతలినుంచి వంగి ఆపాడు. వెనక సీటు ఖాళీగా ఉంది. మూడో ఇల్లు బడికి దగ్గర, ఎప్పుడూ ఆఖరున ఆగేది అక్కడే. అది మెకానిక్కు ఇల్లు.

గేటు ముందు కారు ఆగాక మెకానిక్కు బావ వైపు చూశాడు. బావ బెల్టు తీయలేదు.

“రెండు ఇళ్ళలో నేను చెప్పా. ఈ గుమ్మం నీది” అన్నాడు.

కూతురు గేటు పట్టుకుని ఊగుతోంది. “నాన్నా, నువ్వెందుకు తోలుతున్నావు? మామయ్యేంటి అటు కూర్చున్నాడు?” భార్య నీళ్ళ సీసా మూత బిగిస్తూ వెనకాలే వచ్చింది. మెకానిక్కు దిగి గేటు దాకా నడిచాడు. ఆ పది అడుగుల్లో ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోలేకపోయాడు. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాడు.

“కారు ఇరుక్కుంటోందంటే బావకి ఒక అడ్డదారి నేర్పాను. బ్రేకు తొక్కకుండా కదిలించే దారి. కారు బాగానే ఉంది. బావ కాళ్ళే మొద్దుబారిపోయాయి. ఆయన తొక్కడం లేదు, తొక్కుతున్నాననుకుంటున్నాడు. అట్లాగే ఇరవై మూడు రోజులు దీన్ని బడికి తీసుకెళ్ళాడు.”

“మీకెప్పుడు తెలిసింది?”

“పొద్దున చూశాను.” అని, అంతటితో ఆగలేక, “నిన్న సాయంత్రమే తెలిసింది. దీని ఆటలో చూశాను” అన్నాడు.

“నిన్న సాయంత్రం” అంది ఆమె. “నేను దీని బట్టలు ఇస్త్రీ చేస్తుంటే మీరు ఎదురుగా కూర్చున్నారు.”

“కూర్చున్నాను.”

ఆమె కూతురి భుజాల మీది బ్యాగు తీసి తన భుజానికి వేసుకుంది. నడిపించి తీసుకెళ్ళబోతోందని అతనికి తెలిసింది. తిట్టినా బాగుండేది. తనకి ఆ ఇంట్లో ఇక చాలాకాలం ఏ మాటా నమ్మకంగా చెల్లదని గేటు పక్కన నిలబడి ఉండగానే తెలిసిపోయింది.

ఆమె గేటు దాటి కారు దగ్గరికి వెళ్ళింది. బావ తల దించుకున్నాడు. ఆ రోజు రెండు గుమ్మాల ముందు నిలబడ్డ మనిషి, ఈ ఇంటి కోడలి ముందు మాత్రం కళ్ళెత్తలేకపోయాడు. ఆమె తలుపు తీసి, బ్యాగు భుజానే ఉంచుకుని, రోడ్డు మీద గొంతుక్కూర్చుని చేతిరుమాలు కట్టిన కాలు చూసింది. రుమాలు మీద ఎర్రగా ఊరుతోంది. ముడి కొంచెం వదులు చేసి మళ్ళీ కట్టింది.

“నడుస్తుంటే పడిపోతారేమోనని భయం వేయట్లేదా అన్నయ్యా?”

పొద్దుటి నుంచి ఎవరూ అతన్ని ఆ మాట అడగలేదు. గేరు గురించి అడిగారు, వేలు గురించి అడిగారు, ఎన్ని రోజులని అడిగారు. గేటు దగ్గర నిలబడ్డ మెకానిక్కుకు బావ మొహం కనిపించలేదు. గొంతు మాత్రం వినిపించింది, అతనెప్పుడూ వినని గొంతు.

“వేస్తోందమ్మా” అన్నాడు బావ. “మెట్లు దిగేటప్పుడు మరీ వేస్తోంది.”